పాత ఫ్యామికామ్ కొనాలనుకుంటున్నారా? ముందు మీకు కావాల్సింది ఏ యంత్రమో తేల్చుకోండి

ప్రశ్న: 1990ల చివర్లో మా ఊళ్లో అందరం కాంట్రా, మారియో, ట్యాంకుల గేమ్ ఆడేవాళ్లం. ఆ వీడియో గేమ్‌కి అసలు జపాన్ నింటెండో వాళ్ల ఫ్యామికామ్ అని ఈ మధ్యే తెలిసింది. మా బావగారు ఒసాకాలో ఉద్యోగం చేస్తారు, సంక్రాంతికి వస్తున్నారు. ఆయనతో పాతది ఒకటి తెప్పించుకుందామని ఉంది. ఆన్‌లైన్‌లో పెట్టెతో సహా ఒకటి కనిపించింది కానీ, పనిచేస్తుందో లేదో పరీక్షించలేదని రాశారు. ఏది కొనాలి, ఏం చూసి కొనాలి? మన కరెంటుకి, మన టీవీకి పనిచేస్తుందా? తర్వాత మెల్లగా క్యాసెట్లు కూడా పోగుచేయాలని ఉంది. మా అబ్బాయికి ఎనిమిదేళ్లు, వాడి చేతికి ఇవ్వొచ్చా?

సమాధానం:

నేను చాలా ఏళ్లుగా ఈ యంత్రాలు కొంటున్నాను, విప్పి బాగుచేస్తున్నాను. మీ ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్తాను కానీ, వాటికంటే ముందు తేలాల్సింది ఒకటుంది. మీకు కావాల్సింది జపాన్ యంత్రమా, లేక మీరు చిన్నప్పుడు ఆడిన యంత్రమా? రెండూ ఒకటే అనుకుని కొన్నవాళ్లు తర్వాత ఏదో వెలితిగా ఉందంటూ నా దగ్గరకి వస్తుంటారు.

నింటెండో ఫ్యామిలీ కంప్యూటర్ 1983 జులై 15న జపాన్‌లో విడుదలైంది. అప్పటి ధర 14,800 యెన్లు. అందరూ కుదించి ఫ్యామికామ్ అన్నారు. మసయుకి ఉఎమురా అనే ఇంజనీరు దీన్ని తయారుచేసిన బృందానికి పెద్ద. దీన్నే పూర్తిగా కొత్త డొప్పలో పెట్టి 1985లో అమెరికాలో నింటెండో ఎంటర్‌టైన్‌మెంట్ సిస్టమ్ పేరుతో, అంటే ఎన్ఈఎస్‌గా అమ్మారు. అమెరికా యంత్రంలో దొంగ క్యాసెట్లు నడవకుండా ఒక తాళం చిప్ పెట్టారు. జపాన్ యంత్రంలో అది లేదు. అందుకే తైవాన్‌లో, తర్వాత చైనాలో కాపీలు తయారుచేసినవాళ్లు జపాన్ యంత్రాన్నే నమూనాగా తీసుకున్నారు. మన బజార్లలో దొరికిన వీడియో గేమ్‌లు ఆ కాపీలే. వాటి క్యాసెట్ స్లాటులో ఉండేది ఫ్యామికామ్‌లోని 60 పిన్నులే. అమెరికా ఎన్ఈఎస్‌లో 72 ఉంటాయి.

ఎన్ఈఎస్ కాదు, ఫ్యామికామే కొనండి అని చెప్పడానికి నాకున్న పెద్ద కారణం కూడా ఇక్కడే ఉంది. మీరు ట్యాంకుల గేమ్ అన్నది నామ్‌కో కంపెనీ 1985లో తెచ్చిన బ్యాటిల్ సిటీ. కార్ల గేమ్ కొనామి వాళ్ల రోడ్ ఫైటర్. నిప్పుల చక్రాల్లోంచి సింహం మీద దూకే గేమ్ సర్కస్ చార్లీ. ఈ మూడూ అమెరికా ఎన్ఈఎస్‌కి రానే లేదు. మన పిల్లలు ఎక్కువగా ఆడింది జపాన్ క్యాసెట్లలోని గేమ్‌లనే. కాంట్రా రెండు చోట్లా వచ్చింది కానీ, 1988 నాటి జపాన్ క్యాసెట్‌లో మొదటి అడవి స్టేజీలో తాటిచెట్ల ఆకులు గాలికి ఊగుతాయి, మంచు స్టేజీలో మంచు కురుస్తుంది, స్టేజీల మధ్య మ్యాప్ వస్తుంది. అమెరికా క్యాసెట్‌లో ఇవేవీ లేవు. కారణం, జపాన్‌లో కొనామి తన సొంత చిప్‌ను క్యాసెట్‌లో పెట్టుకోగలిగింది.

ఇక వెలితి సంగతి. జపాన్ టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీ, సెకనుకి 60 ఫ్రేములు. మనది పాల్, సెకనుకి 50. మన దగ్గర అమ్మిన కాపీల్లో చాలావాటిని పాల్ టీవీ కోసం మార్చారు, గేమ్ మాత్రం జపాన్‌దే ఉంచారు. గేమ్ ఒక్కో ఫ్రేముకి ఒక్కో అడుగు లెక్కన నడుస్తుంది కాబట్టి ఆ కాపీల్లో అన్నీ నెమ్మదిగా సాగేవి. జపాన్ యంత్రంలో ఒక నిమిషం పట్టే పాట వాటిలో 72 సెకన్లు పట్టేది. ప్రాసెసర్ వేగం దాదాపు సమానంగా ఉంచారు కనుక శ్రుతి పెద్దగా మారలేదు, నడక మాత్రమే మారింది. మీరు అలాంటిదాని మీద ఆడి ఉంటే, అసలు ఫ్యామికామ్‌లో మారియో పెట్టగానే పాట పరుగెడుతున్నట్టు అనిపిస్తుంది. గుంతల మీద దూకే టైమింగ్ తప్పుతుంది. యంత్రం పాడైందని కంగారు పడకండి. అసలు వేగం అదే.

కాబట్టి మీకు కావాల్సింది ఆ నెమ్మది పాట, తొమ్మిదులతో నిండిన అంకె రాసి ఎన్నో గేమ్‌లు కలిపి అమ్మిన 'ఇన్ వన్' క్యాసెట్, నల్ల తుపాకీ అయితే జపాన్ దాకా వెళ్లకండి. పాత కాపీ యంత్రాన్నే వెతకండి. అవీ ఇప్పుడు పాతికేళ్లు దాటినవే, వాటినీ ఎవరో ఒకరు భద్రం చేయాలి. తక్కువ చూపు చూడాల్సిన పని లేదు. విప్పి చూడనిస్తే, బోర్డు మీద విడివిడిగా కాళ్లున్న పెద్ద చిప్‌లు ఉన్నదాన్ని తీసుకోండి. నల్లటి ఎపాక్సీ బొట్టు, అంటే గట్టిపడిన జిగురు ముద్ద ఒక్కటే ఉంటే అందులో అన్ని చిప్‌లూ కలిపి ఒకటే చేశారన్నమాట. అలాంటివాటిలో తరచుగా శబ్దం, రంగులు తేడాగా ఉంటాయి, పాడైతే బాగుచేయడానికి ఏమీ ఉండదు.

జపాన్‌దే కావాలంటే ఇక ముందుకి వెళ్దాం. మొదటి ఊరట ఏంటంటే ఇది అరుదైన వస్తువు కాదు. జపాన్ ఒక్కచోటే కోటీ 93 లక్షలకు పైగా అమ్ముడయ్యాయి, ప్రపంచం మొత్తం కలిపితే 6 కోట్ల 19 లక్షలు. "ఇది పోతే మళ్లీ దొరకదు" అని ఎవరైనా తొందరపెడితే లొంగకండి. రేపు ఇంకోటి వస్తుంది.

ఎరుపు, తెలుపు రంగుల్లో ఉండే మొదటి మోడల్ హెచ్‌వీసీ-001. అందులో తొలి విడత యంత్రాలకు కంట్రోలర్ మీద ఏ, బీ బటన్లు చతురస్రంగా, మెత్తటి రబ్బరుతో ఉండేవి. అవి అరిగిపోతున్నాయని, ఇరుక్కుంటున్నాయని గుండ్రటి గట్టి ప్లాస్టిక్ బటన్లు పెట్టారు. చతురస్రం బటన్లు ఉన్నదానికి సేకరించేవాళ్లలో గిరాకీ ఎక్కువ. ఆడుకోవడానికి మాత్రం అది వద్దు. ఈ మోడల్‌లో రెండు కంట్రోలర్ల తీగలూ వెనకనుంచి నేరుగా లోపలికి వెళ్తాయి, ఊడదీయడం కుదరదు, పైగా పొట్టివి. రెండో కంట్రోలర్‌కి స్టార్ట్, సెలెక్ట్ బటన్లు ఉండవు, వాటి చోట మైకు, వాల్యూమ్ మీట ఉంటాయి. జపాన్ జెల్డా గేమ్‌లో పెద్ద చెవుల శత్రువు ఒకటి ఆ మైకులో అరిస్తే చచ్చిపోతుంది. పిల్లలకి ఇది చూపించాలి, ఆ ఆనందం వేరు.

1993 డిసెంబర్‌లో వచ్చింది హెచ్‌వీసీ-101, దీన్ని అందరూ ఏవీ ఫ్యామికామ్ అంటారు. అప్పటి ధర 6,800 యెన్లు. పాతది యాంటెన్నా తీగ ద్వారా మాత్రమే టీవీకి బొమ్మ పంపేది, ఇది మామూలు ఏవీ తీగతో పంపుతుంది. నింటెండో తర్వాతి యంత్రాలైన సూపర్ ఫ్యామికామ్, నింటెండో 64 వాడే తీగే దీనికీ సరిపోతుంది. కంట్రోలర్లు ఊడదీసి మార్చుకోవచ్చు. మైకు లేదు, అదొక్కటే లోటు. మీ పరిస్థితిలో నేనైతే కళ్లు మూసుకుని ఇదే తీసుకుంటాను. ఎరుపు తెలుపు అందం కావాలంటే దాన్ని తర్వాత రెండోదిగా తెచ్చుకోండి. పాతదానికే ఏవీ తీగ వచ్చేలా మార్పు చేసినవి కూడా అమ్ముతారు. చేసిన టంకం పని శుభ్రంగా ఉంటే మంచివే, కానీ ఫొటోలో లోపలి పని కనిపించదు కాబట్టి మొదటి కొనుగోలుకి వద్దంటాను.

షార్ప్ కంపెనీ 1986లో చేసిన ట్విన్ ఫ్యామికామ్, దానితో పాటు క్యాసెట్లకు బదులు డిస్కుల మీది గేమ్‌లు నడిపే ఫ్యామికామ్ డిస్క్ సిస్టమ్, ఈ రెండూ చూడముచ్చటగా ఉంటాయి. కానీ వాటి డిస్క్ డ్రైవులో ఒక సన్నటి రబ్బరు బెల్టు ఉంటుంది, ఇన్నేళ్లకి అది కరిగి జిగురైపోతుంది. బెల్టు మార్చడం, డిస్కును చదివే హెడ్ సరిచేయడం చేతనయ్యాకే వాటి జోలికి వెళ్లండి.

ఇప్పుడు కరెంటు గురించి. ఈ ఒక్క భాగం మాత్రం రెండుసార్లు చదవండి, ఎందుకంటే ఇండియాకి వచ్చిన ఫ్యామికామ్‌లు ఎక్కువగా మొదటి రోజే, మొదటి నిమిషంలోనే పోతాయి.

జపాన్ ఇళ్లలో కరెంటు 100 వోల్టులు. దానితో వచ్చే అడాప్టర్ కూడా 100 వోల్టులదే. మన సాకెట్‌లో వచ్చేది 230. ట్రావెల్ అడాప్టర్ పెడితే చాలదా అని అడుగుతారు. చాలదు. అది పిన్ను ఆకారం మారుస్తుంది, వోల్టేజీ మార్చదు. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వాడుకోవచ్చు కానీ ఇంట్లో ఎవరో ఒకరు మర్చిపోయి నేరుగా గోడకి గుచ్చే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. అందుకే నా మాట: జపాన్ అడాప్టర్‌ను తీసి పెట్టెలో దాచేయండి, ఇక్కడి అడాప్టర్ కొనండి.

ఏ అడాప్టర్? అసలుదాని మీద 10 వోల్టుల డీసీ, 850 మిల్లీయాంపులు అని ఉంటుంది. యంత్రం లోపల ఆ కరెంటును 5 వోల్టులకు దించే రెగ్యులేటర్ ఉంటుంది కాబట్టి 9 వోల్టుల డీసీ, 1 యాంపు లేదా అంతకంటే ఎక్కువ ఇచ్చే రెగ్యులేటెడ్ అడాప్టర్ హాయిగా సరిపోతుంది. అసలు చిక్కు పిన్ను దగ్గర. మన బజార్లో దొరికే అడాప్టర్లలో దాదాపు అన్నిటికీ గుండ్రటి పిన్ను మధ్యలో ప్లస్, బయట మైనస్ ఉంటాయి. ఫ్యామికామ్‌కి సరిగ్గా తిరగేసి ఉండాలి, మధ్యలో మైనస్. పిన్ను కొలత 5.5 మిల్లీమీటర్లు, లోపలి రంధ్రం 2.1. ఇలాంటివి తేలిగ్గా దొరికే చోటు సంగీత వాయిద్యాల షాపు. ఎలక్ట్రిక్ గిటార్ పెడల్స్‌కి వాడే 9 వోల్టుల అడాప్టర్లు సాధారణంగా మధ్యలో మైనస్‌తోనే వస్తాయి. యాంపులు సరిపోతున్నాయో లేదో మాత్రం చూసుకోండి, కొన్ని అర యాంపువే ఉంటాయి. లేదంటే హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ లాంటి చోట మామూలు అడాప్టర్ కొని, తీగలు తిరగేసి పిన్ను వేయించుకోవచ్చు. ఏది కొన్నా యంత్రానికి పెట్టే ముందు మల్టీమీటర్‌తో కొలవండి. ఎర్ర ప్రోబ్ పిన్ను లోపల, నల్లది బయట ఆనిస్తే మీటర్‌లో మైనస్ 9 రావాలి. ప్లస్ వస్తే పెట్టకండి.

ఇంకో ఉచ్చు కూడా ఉంది. అమెరికా ఎన్ఈఎస్ అడాప్టర్ పిన్ను ఫ్యామికామ్‌లో చక్కగా దూరుతుంది. కానీ అది ఇచ్చేది 9 వోల్టుల ఏసీ. ఎన్ఈఎస్‌లో ఏసీని డీసీ చేసే ఏర్పాటు లోపల ఉంది, ఫ్యామికామ్‌లో లేదు. ఒకాయన అమెరికాలో ఉన్న చుట్టాల దగ్గర్నుంచి అడాప్టర్, జపాన్ నుంచి యంత్రం తెప్పించి రెండూ కలిపారు. ఆ ఫ్యామికామ్ నా బల్ల మీదికి వచ్చినప్పుడు మూత తీయకముందే కాలిన చేప వాసన లాంటిది వచ్చింది. లోపల కరెంటు వచ్చే చోట కెపాసిటర్ నెత్తి ఉబ్బి పగిలింది, బోర్డు మీద గోధుమరంగు మరక. అదృష్టం కొద్దీ దెబ్బ రెగ్యులేటర్ దగ్గరే ఆగింది. కెపాసిటర్లు, రెగ్యులేటర్ మార్చాక లేచింది. అది దాటి ప్రాసెసర్ దాకా వెళ్లి ఉంటే కష్టం. రీకో కంపెనీ చేసిన ఆ చిప్‌లు ఇప్పుడెవరూ తయారుచేయరు, ఇంకో చచ్చిన యంత్రం నుంచి పీకాల్సిందే.

టీవీ సంగతి దీనికంటే తేలిక. ఏవీ ఫ్యామికామ్ అయితే టీవీకి పసుపు, తెలుపు గుంటలు ఉంటే చాలు. మన టీవీల్లో చాలావరకు ఏవీ ఇన్‌పుట్‌లో ఎన్‌టీఎస్‌సీని కూడా తీసుకుంటాయి. తీసుకోకపోతే బొమ్మ నలుపు తెలుపుల్లో కనిపిస్తుంది లేదా దొర్లుతుంది. కొత్త టీవీల్లో ఏవీ గుంట ఉండకపోవచ్చు, అప్పుడు ఏవీని హెచ్‌డీఎంఐగా మార్చే డబ్బా కావాలి. బాగా చవకవి కొనకండి. ఫ్యామికామ్ పంపే 240 గీతల బొమ్మను అవి వేరే రకంగా అర్థం చేసుకుని మసకబారుస్తాయి, బటన్ నొక్కాక బొమ్మ కదలడానికి ఆలస్యం కూడా చేస్తాయి. మారియోలో ఆ ఆలస్యం ప్రాణాల మీదకి తెస్తుంది. పాత గేమ్‌ల కోసమే చేసిన కన్వర్టర్లు ఉన్నాయి, ఖరీదైనా అవే నయం.

అన్నిటికంటే మేలైనది పాత డబ్బా టీవీ. ఇంట్లో అటక మీద ఉంటే అమ్మేయకండి. బాతులను కాల్చే తుపాకీ గేమ్ ఆడాలంటే అది తప్ప వేరే దారి లేదు, ఎందుకంటే పిక్చర్ ట్యూబు గీసే వెలుగు సమయాన్ని పట్టుకునే ఆ తుపాకీ పనిచేస్తుంది. పాతదైన టీవీని మాత్రం మీరు విప్పకండి. ఆపేసిన తర్వాత కూడా ట్యూబులో ప్రాణం తీసేంత వోల్టేజీ నిలిచి ఉంటుంది, మెకానిక్‌నే పిలవండి.

ఎరుపు తెలుపు మోడల్ కొంటే ఒక చిక్కు చెప్పాలి. అది జపాన్ టీవీ ఛానల్ 1 లేదా 2 మీద బొమ్మ పంపుతుంది, అంటే 91, 97 మెగాహెర్ట్జ్ దగ్గర. మన పాత కేబుల్ టీవీల్లో చేత్తో ట్యూన్ చేస్తే బొమ్మ దొరుకుతుంది. శబ్దం మాత్రం రాకపోవచ్చు. బొమ్మకీ శబ్దానికీ మధ్య దూరం జపాన్‌లో 4.5 మెగాహెర్ట్జ్, మన దగ్గర 5.5. రెండూ పట్టుకునే మల్టీసిస్టమ్ టీవీ కాకపోతే మూగ సినిమాయే. ఏవీ మోడల్ తీసుకోమనడానికి ఇది ఇంకో కారణం.

మీ బావగారు ఒసాకాలో ఉండటం మంచి కలిసొచ్చే విషయం. నిప్పొంబాషి ప్రాంతంలో డెన్ డెన్ టౌన్ అనే ఎలక్ట్రానిక్స్ పేట ఉంది, సూపర్ పొటాటో లాంటి పాత గేమ్‌ల షాపులు అక్కడే. ఊరి చివర్లలో హార్డ్ ఆఫ్, బుక్ ఆఫ్ లాంటి సెకండ్‌హ్యాండ్ గొలుసు షాపులు ఉంటాయి, వాటిలో ధరలు తరచుగా ఇంకాస్త అందుబాటులో ఉంటాయి. అక్కడ జంక్ అని ఒక వరస పెడతారు. జంక్ అంటే చెడిపోయిందని కచ్చితంగా కాదు, షాపు ఏ హామీ ఇవ్వదని, తిరిగి తీసుకోదని అర్థం. మీరు ఆన్‌లైన్‌లో చూసిన "పరీక్షించలేదు" కూడా అలాంటిదే. అమ్మేవాడికి యంత్రం ఉంది, అడాప్టర్ ఉంది, క్యాసెట్లూ ఉన్నాయి, అయినా పరీక్షించలేదంటే నేనైతే పరీక్షించి దాచిపెట్టాడనే లెక్క వేసుకుంటాను. పనిచేయని యంత్రానికి ఇచ్చే ధరే దానికి ఇవ్వాలి. మీకు టంకం పని రాకపోతే వదిలేయండి. పెట్టె మీద మనసు పోతే, పెట్టె మీది సీరియల్ నంబరు యంత్రం అడుగునున్న నంబరుతో కలుస్తుందా అని మాత్రం అడగండి. కలవకపోతే ఎక్కడెక్కడివో తెచ్చి జతచేసినవే.

ధర తెలుసుకోవడానికి అమ్మకానికి పెట్టిన రేట్లు చూడకండి, అవి కోరికలు మాత్రమే. జపాన్‌లో పాత వస్తువులు అమ్ముకునే మెర్కారీ యాప్‌లో అమ్ముడైపోయిన వస్తువులూ ధరతో సహా కనిపిస్తాయి, అవి చూడండి. ఒక వారం చూస్తే మీకే అంచనా వచ్చేస్తుంది.

బావగారికి షాపులో చూడమని ఇవి చెప్పండి. యంత్రాన్ని టీవీకి పెట్టి చూపించమని అడగాలి. ఒక్క క్యాసెట్‌తో సరిపెట్టకుండా కనీసం రెండు మూడు వేరే వేరేవి పెట్టాలి. బొమ్మ వచ్చాక క్యాసెట్‌ను వేలితో చాలా మెల్లగా అటూ ఇటూ కదిపితే గేమ్ ఆగిపోకూడదు, ఆగితే స్లాటు పిన్నులు వదులైనట్టే. రెండు కంట్రోలర్లలో ప్రతి బటనూ, నాలుగు దిక్కులూ నొక్కి చూడాలి. తీగ యంత్రంలోకి వెళ్లే చోట, కంట్రోలర్‌లోకి వెళ్లే చోట మెలితిప్పి నలిగిందేమో చూడాలి. ఎరుపు తెలుపుదైతే రెండో కంట్రోలర్ మైకులో మాట్లాడితే గొంతు టీవీలో వినిపించాలి. వీలైతే అరగంట ఆడనివ్వమనాలి. చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉండి, వేడెక్కాక తిక్కగా చేసేవి ఉంటాయి. బొమ్మ మీద సన్నటి నిలువు చారలు లీలగా కనిపిస్తే, అది ఈ యంత్రాలకి పుట్టుకతో ఉన్నదే, దానికోసం తిరస్కరించక్కర్లేదు.

వచ్చేటప్పుడు చేతిసంచిలో తెచ్చుకోమనండి, చెక్-ఇన్ సామానులో వేయొద్దు. పోస్టులో తెప్పిస్తే సుంకం, రవాణా కలిసి చాలాసార్లు యంత్రం ధరను దాటిపోతాయి.

యంత్రం పచ్చబడి ఉంటే? ఆ ప్లాస్టిక్‌లో మంట అంటుకోకుండా కలిపిన బ్రోమిన్ పదార్థాల వల్ల, వెలుగు, వేడి తగిలి అలా అవుతుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి ఎండలో పెడితే తెల్లబడుతుంది, వీడియోల్లో చూసే ఉంటారు. నేను చేయను, చేయమని చెప్పను. కొంత కాలానికి పసుపు మళ్లీ వస్తుంది, సరిగ్గా చేయకపోతే మచ్చలు మచ్చలుగా తేలుతుంది. నలభై ఏళ్ల వస్తువు నలభై ఏళ్ల వస్తువులాగే కనిపించనివ్వండి.

క్యాసెట్ల విషయానికి వస్తే, మనందరికీ వేళ్లకి అలవాటైన పని ఒకటుంది: క్యాసెట్ తీసి నోటితో గట్టిగా ఊది మళ్లీ పెట్టడం. దయచేసి మానేయండి. ఊదినప్పుడు పనిచేసింది ఊపిరి కాదు, తీసి మళ్లీ పెట్టడం వల్ల పిన్నులు కొత్తగా ఆనడం. ఊపిరిలోని తడి రాగిని తినేస్తుంది. శుభ్రం చేసే పద్ధతి చెప్తాను. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఇయర్‌బడ్ ముంచి, కారకుండా పిండి, క్యాసెట్ అంచున బంగారు రంగు పిన్నుల మీద నిలువుగా, పిన్ను పొడవునా రుద్దండి. అడ్డంగా రుద్దితే మురికి ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి పోతుంది. మొదటి బడ్ నల్లగా వస్తుంది, రెండోది బూడిదరంగుకి తిరుగుతుంది. తెల్లగా వచ్చేదాకా చేయండి, తర్వాత ఓ పది నిమిషాలు ఆరనివ్వండి. పనిచేయదని చవగ్గా అమ్మేసిన క్యాసెట్లలో చాలావాటికి ఉన్న రోగం ఈ మురికే.

నకిలీలను ఎలా పట్టాలి? బయటి ప్లాస్టిక్ చూసి తేల్చకండి. కొనామి, నామ్‌కో, జాలెకో లాంటి కంపెనీలు తమ క్యాసెట్లను తామే తయారుచేసుకున్నాయి, ఆకారాలు రకరకాలు. ఐరెమ్ వాళ్ల తొలి క్యాసెట్లలో అయితే కరెంటు ఇవ్వగానే వెలిగే ఎర్ర దీపం ఉంటుంది. లేబుల్ ముద్రణ పదునుగా ఉందా, అంచు సమంగా కత్తిరించారా, పిన్నుల మీద బంగారు పూత నిండుగా ఉందా చూడండి. జపాన్ షాపులో వెయ్యి యెన్ల లోపు దొరికే మామూలు గేమ్‌కి నకిలీ చేసేవాడు తక్కువ. ఖరీదైన గేమ్ చవగ్గా కనిపించినప్పుడే అనుమానించాలి.

ఏవి కొనాలి అన్నదానికి నా జాబితా ఇది: సూపర్ మారియో బ్రదర్స్, బ్యాటిల్ సిటీ, రోడ్ ఫైటర్, ఎక్సైట్‌బైక్, స్పార్టన్ ఎక్స్, అడ్వెంచర్ ఐలాండ్ జపాన్ క్యాసెట్, బాంబర్‌మ్యాన్. వీటికి జపనీస్ చదవడం రానక్కర్లేదు. పెట్టె లేకుండా ఉత్త క్యాసెట్ కొంటే ఖర్చు బాగా తగ్గుతుంది. కాంట్రా వీటికంటే ఖరీదు, దాన్ని తర్వాత కొనండి. కథ ఎక్కువగా ఉండే డ్రాగన్ క్వెస్ట్ లాంటివి భాష రాకపోతే ముందుకి సాగవు. వాటిలో కొన్నిటికి ఆటను దాచుకోవడానికి లోపల బటన్ బ్యాటరీ కూడా ఉంటుంది, ఇన్నేళ్లకి అది అయిపోయి ఉండొచ్చు, మార్చాలంటే టంకం తప్పదు.

ఫ్యామికామ్‌కి వెయ్యికి పైగా క్యాసెట్లు వచ్చాయి. అన్నీ పోగుచేద్దామని మొదలుపెట్టినవాళ్లలో చాలామంది మధ్యలో విసిగి ఒకేసారి అమ్మేస్తారు. చిన్న గీత గీసుకోండి. నామ్‌కో తన తొలి గేమ్‌ల పెట్టెలకు వరస నంబర్లు వేసింది, 1984 నాటి గెలాక్సియన్ 01. ఆ వరస ఒక్కటే పూర్తిచేయడం చక్కటి లక్ష్యం. లేదా శబ్దం మీద ఇష్టముంటే, అదనపు సౌండ్ చిప్ ఉన్న క్యాసెట్లు మాత్రమే వెతకండి. 1989లో వచ్చిన అకుమాజో డెన్సెత్సు, అంటే మూడో క్యాసిల్‌వేనియా, జపాన్ క్యాసెట్‌లో వినండి. కొనామి తన వీఆర్‌సీ6 చిప్‌తో మూడు అదనపు స్వరాలు కలిపింది. ఎన్ఈఎస్‌కి ఆ శబ్దం తీసుకునే దారే లేదు కాబట్టి అమెరికావాళ్లు ఆ సంగీతాన్ని అలా వినలేదు. నాకు అన్నిటికంటే ఇష్టమైన దారి మాత్రం ఇంకోటి: మన 'ఇన్ వన్' క్యాసెట్లో ఉన్న గేమ్‌లను గుర్తుతెచ్చుకుని, ఒక్కొక్కదాని అసలు క్యాసెట్‌ను వెతకడం. ఆ జాబితా మీది, ఇంకెవరి జాబితాతోనూ కలవదు.

మీది కోస్తా ఊరైతే తేమ మీద కన్నేసి ఉంచండి. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి, వాటిని మధ్యమధ్యలో ఆరబెట్టి వాడండి. కాగితపు పెట్టెలకు బూజు, వెండిచేపలు పడితే మిగలవు.

ఇక మీ అబ్బాయి. తప్పకుండా ఇవ్వండి. ఈ యంత్రాన్ని పిల్లల చేతుల కోసమే చేశారు, మీరు భయపడేంత సున్నితం కాదు. రెండు నియమాలు చాలు: స్విచ్ ఆపాకే క్యాసెట్ తీయాలి, అడాప్టర్ మీరే పెట్టాలి. మొదట బ్యాటిల్ సిటీ పెట్టి ఇద్దరూ కలిసి ఆడండి. అందులో కన్‌స్ట్రక్షన్ అని ఉంటుంది, దానితో ఇటుకలు, నీళ్లు, చెట్లు పేర్చి స్టేజీని వాడే తయారుచేసుకోవచ్చు. యంత్రం ఆపగానే అది చెరిగిపోతుంది, దాచుకునే వీలు లేదు. వాడికి బాగా నచ్చింది తయారైనప్పుడు ఫోన్‌తో ఫొటో తీసి ఉంచండి, మర్నాడు చూసి మళ్లీ పేర్చుకుంటాడు.